గోడ మీది ఏడు తేదీలు

కెరమెరి,
1962 జూన్ 25.

అక్క ప్రేమమ్మకు తమ్ముడు అబ్రహాం వందనాలు.

నువ్వు బస్సు కండక్టరు చేత పంపిన గొంగడి అందింది. గొర్రె ఇంకా అందులోనే ఉన్నట్టు వాసన. అయినా కప్పుకుంటున్నాను. మృగశిర పోయి ఆరుద్ర వచ్చింది గాని ఇక్కడ వాన మాత్రం పోలేదు. అగ్గిపెట్టె వెలగదు, బట్టలు ఎండవు, డబ్బాలో ఉప్పు నీళ్ళయింది.

నేను చేసే ఉద్యోగం ఏమిటని మందిరంలో అందరూ అడుగుతున్నారని రాశావు. చెప్పు వాళ్ళకు. గవర్నమెంటువారు దేశంలో మలేరియా లేకుండా చేస్తారట. ఆ దేశంలో పద్నాలుగు గోండు గూడేలు నా వాటాకు వచ్చాయి. పదిహేను రోజులకోసారి ప్రతి గూడెం తిరగాలి. జ్వరం ఎవరికని ఇంటింటా అడగాలి. ఉన్నవాళ్ళ వేలు పొడిచి గాజుపలక మీద నెత్తురు చుక్క పట్టాలి, నాలుగు చేదు గోలీలు మింగించాలి. వచ్చేముందు చూరు కింద గోడ మీద ఎర్ర పెన్సిలుతో ఆనాటి తేదీ వేయాలి. ఇన్‌స్పెక్టరు వస్తే ఆ తేదీ చూసి, సరే, మనిషి వచ్చాడు అనుకుంటాడు. ఆఫీసుకు మనుషుల మాట మీద నమ్మకం లేదు, గోడల మీద ఉంది.

ఈ గూడేలవాళ్ళ సంగతి ఏం రాయమంటావు! జ్వరం ఉందా అంటే లేదంటారు. మరి లోపల మూలిగేదెవరంటే గాలి సోకిందంటారు. వీళ్ళకోసం నేను నెత్తిన వాన మోస్తూ తిరగాలి.

మొన్న శనివారం, ఇరవై మూడున, జోడుగుట్ట ఎక్కాను. నా గూడేలన్నిటిలో అదే దూరం. ఐదు కోసులు, మూడు గుట్టలు, రెండు వాగులు. ఆ గాలికి చెట్లు వంగి నేలకు దండం పెడుతున్నాయి. ఇంకొకడైతే మొదటి వాగు దగ్గరే తిరిగిపోయేవాడు. నేను కాబట్టి ఎక్కాను. గంగుబాయి అనే ముసలమ్మ నన్ను చూసి, ఈ వానలో వచ్చావా నాయనా అని టేకాకు దొప్పలో జొన్న అంబలి పోసింది. నువ్వు ఆ గూడెంలో సువార్త చెప్పే రోజుల్లో ఆమె ఇంట్లోనే పడుకునేదానివట కదా.

ఆగస్టు ఆఖరుకు నాకు ఏడాది నిండుతుంది. రిపోర్టులు బాగుంటే పర్మినెంటు చేస్తారు. మన ఇంటి మగవాళ్ళలో నెల జీతం ముఖం చూసినవాడిని నేనొక్కడినే. నాకోసం మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ ముందు నువ్వు చేతులు జోడించినందుకు తల వంచుకునే పని ఎప్పుడూ రానివ్వను.

నీ తమ్ముడు,
అబ్రహాం


కరీంనగర్, మిషన్ కాంపౌండు,
1962 జూలై 2.

తమ్ముడు అబ్రహాముకు,

ప్రభువు నిన్ను కాపాడుగాక అని మొదలుపెట్టబోయి ఆగాను. ముందు నీ చేత నిజం చెప్పించుగాక.

నీ ఉత్తరాన్ని ఆదివారం మందిరంలో చదివి వినిపిద్దామని బైబిల్లో పెట్టుకున్నాను. మా తమ్ముడు చూడండి, తుపానులో గుట్టలెక్కి జనాన్ని బతికిస్తున్నాడు అని నాలుగు మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. మళ్ళీ ఒకసారి చదివాను. టేకాకు దొప్ప దగ్గర ఆగిపోయాను.

ఒరే, నువ్వు ఆ గుట్టల్లో ఏడాదిగా ఉంటున్నావు. నేను సువార్త చెప్పే బైబిల్ స్త్రీగా నాలుగు వానాకాలాలు ఆ గుట్టలు ఎక్కి దిగాను. జోడుగుట్టలో ఆషాఢంలో అడవిదేవతకు ఆకాడి పండుగ చేసేదాకా లేత టేకాకును ఎవరూ తెంపరు. గంగుబాయి ప్రాణం పోయినా తెంపదు. పండుగకు ఇళ్ళన్నీ కొత్తమట్టితో అలికి, పూజ చేసి, అప్పుడు ఆకు కోస్తారు. నువ్వు జూన్ ఇరవై మూడున ఆ ఆకులో అంబలి తాగావు. జ్యేష్ఠం ఇంకా పోలేదు. అంబలి తాగావో, ఆకే నమిలావో నువ్వే చెప్పాలి.

నువ్వు గుట్ట ఎక్కలేదు. కెరమెరిలో నీ గదిలో మంచమెక్కి, నేను పంపిన గొంగడి కప్పుకుని ఆ ఉత్తరం రాశావు. చెట్లు వంగి దండం పెట్టాయట! నీకు దండం పెట్టడానికి చెట్లకు ఏం పోయేకాలం వచ్చింది?

ఈ అబ్బాయి కష్టపడతాడు, అబద్ధమాడడు అని డాక్టరమ్మకు నేను మాట ఇచ్చాను. ఆమె సిఫారసు చేస్తేనే నీకు ఆ ఎర్ర పెన్సిలు దొరికింది. అది గుర్తుంచుకో.

అక్క,
ప్రేమమ్మ


కెరమెరి,
1962 జూలై 9.

అక్కకు,

ఒక్క ఆకు పట్టుకుని చెట్టంతా నరికావు. సరే, ఇరవై మూడున ఎక్కలేదు. ఒళ్ళు నొప్పులుగా ఉండి ఆగాను. ఒక్కసారి. ఆ ఒక్కసారికే నన్ను ప్రభువును అమ్మిన యూదాను చేసి కూర్చోబెట్టావు.

చెప్పేవాళ్ళకు చేసేవాళ్ళు లోకువ. నాలుగు వానాకాలాలు ఎక్కానని రాశావు కదా, ఎక్కి ఏం తెచ్చావు? ఆ గుట్టల్లోంచి ఒక్కరినన్నా మందిరానికి నడిపించావా? గంగుబాయి ఇప్పటికీ నీ పేరు చెప్పి నవ్వుతుంది. "మీ అక్క మస్తు మంచి కథలు చెప్తుండె, అంబలి తాగుతుండె, పోతుండె" అంటుంది. నేను కనీసం గోలీలన్నా ఇస్తాను.

ఇక్కడ కొత్త వేడుక ఒకటి వచ్చింది. పాత ఇన్‌స్పెక్టరు పోయి కొత్తాయన వచ్చాడు. పేరు లక్ష్మీరాజం, సిరిసిల్ల సాలెవాళ్ళు. మనిషి ఊదితే ఎగిరిపోయేట్టున్నాడు. చేతిలో గొడుగు, కాళ్ళకు టైరు చెప్పులు, చంకలో రిజిస్టరు. పుట్టినప్పటి నుంచి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న వంశం. ఆ కాళ్ళు గుట్టలెక్కుతాయట! వచ్చీరాగానే, అన్నిటికంటే దూరం గూడెం ఏది, ముందు అదే చూస్తానన్నాడు. పద్దెనిమిది, బుధవారం బయల్దేరాలట. వాన తగ్గాక పోదాం సార్ అన్నాను. "వాన తగ్గినంక జరం తగ్గుతదా?" అన్నాడు. పిట్ట కొంచెం, కూత ఘనం. మొదటి గుట్ట సగంలో గొడుగు ఒకవైపు, ఆయన ఒకవైపు దొర్లుతారు. ఎత్తుకుని దింపే పని నా మీద పడకపోతే చాలు.

ఆకాడి పదిహేడు, మంగళవారం పున్నమికని అంగట్లో చెప్పారు. ఆ అలుకుడు సంగతి నువ్వు రాయకపోతే నాకు తట్టేదే కాదు. ఇన్ని తిట్లలో ఒక్క పనికొచ్చే మాట రాశావు. అందుకు మాత్రం సంతోషం.

అబ్రహాం


కరీంనగర్,
1962 జూలై 14.

అబ్రహాముకు,

కార్డు మీద చోటు తక్కువ, నా ఓపికా తక్కువ. ఒకటే అడుగుతాను. ఒక్కసారే ఎక్కలేదంటావు. అట్లాంటప్పుడు గోడలు అలికితే నీకు సంతోషమెందుకు? నీ తేదీలు గోడ మీద ఉంటేనే కదా నీకు మేలు? మట్టి కింద దాచాల్సినంతది ఆ గోడ మీద ఏం రాసి వచ్చావు?

ప్రేమమ్మ


కెరమెరి,
1962 జూలై 20.

అక్కా,

నీ కార్డు పదిహేడు సాయంత్రం అందింది. అప్పుడే జవాబు రాయాల్సింది. రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఇది చదివాక ఎవరికీ చూపించవద్దు.

గోడ మీద ఏం రాశానో చెబుతాను. జోడుగుట్ట నేను ఎక్కింది ఈ ఎండాకాలం నుంచి ఒక్కసారే, మే పన్నెండున. పదకొండు ఇళ్ళు తిరిగి పదకొండు గోడల మీద ఆనాటి తేదీ వేశాను. ఇంత దూరం ఎండలో మళ్ళీ మళ్ళీ ఎవడు వస్తాడని, దాని కింద ముందు రాబోయే ఏడు తేదీలు కూడా వరుసగా వేశాను. మే 26 నుంచి ఆగస్టు 18 దాకా. గూడెంలో చదువు వచ్చినవాళ్ళు లేరు. పాత ఇన్‌స్పెక్టరు కెరమెరి టీ కొట్టు దాటి పైకి పోయిన పాపాన పోలేదు. ఒక్కసారి ఎక్కి ఎనిమిదిసార్లు వచ్చినట్టు లెక్క కుదిరింది. ఆ రోజు గుట్ట దిగుతూ నా తెలివికి నేనే ముచ్చటపడ్డాను అక్కా. పాట కూడా పాడుకున్నాను.

కొత్తాయన జూలైలో ఎక్కుతానంటే నా గుండె జారింది. జూలైలో ఆగస్టు తేదీలు చూస్తే ఎంత గుడ్డివాడైనా పట్టుకుంటాడు. అప్పుడే నీ ఉత్తరం వచ్చింది. ఆకాడికి ఇళ్ళు అలుకుతారు. తేదీలన్నీ మట్టి కింద పోతాయి. ఏం చేయమంటారు సార్, ఈ ఆడవాళ్ళు తుడిచేశారు అనవచ్చు. నీ తిట్లలోంచి నాకు దారి దొరికింది.

బుధవారం తెల్లవారుతూ బయల్దేరాం. చినుకులు కావు, కడవలతో పోస్తున్నట్టే ఉంది. గాలి పడమటి నుంచి కొడుతూ ఉంది. ఆయనను తిరుగుముఖం పట్టించాలని మామూలు బాట వదిలి వాగు బాట పట్టించాను. మోకాటి లోతు నీళ్ళు, కాలు పెడితే జారే బండలు. మొదటి గుట్ట సగంలోనే గాలికి గొడుగు తిరగబడి, బట్ట ఒకవైపు, పుల్లలు ఒకవైపు అయ్యాయి. నేను లోలోపల నవ్వుకుంటూ, "తిరిగి పోదామా సార్?" అన్నాను. ఆయన గొడుగును చెట్టుకు తగిలించాడు. టైరు చెప్పులు విప్పి మొలతాడుకు కట్టుకున్నాడు. గాజుపలకల పెట్టెను తలగుడ్డలో చుట్టి కడుపుకు కట్టుకుని పైన చొక్కా కప్పాడు. "నడువ్" అన్నాడు.

నడిచాడు అక్కా. ఆ ఎండుపుల్లల్లాంటి కాళ్ళు ఆగకుండా నడిచాయి. రెండో గుట్ట మీద నాకు ఆయాసం వచ్చి చెట్టును పట్టుకుంటే ఆయన వెనక్కి తిరిగి చూశాడు. "పన్నెండేండ్ల వయసు సంది పొద్దుందాక మగ్గం తొక్కిన కాళ్ళు ఇవి. మీకు కూసున్నట్టే కనవడ్తది" అన్నాడు. అంగట్లో నేను అన్న మాటలు ఎవరో చెవిన వేసి ఉంటారు.

రెండో గుట్టకూ మూడో గుట్టకూ మధ్య బోడి మెడ అనే సన్నటి గట్టు ఒకటి ఉంది. చెట్టు లేదు, చాటు లేదు. అక్కడ గాలికి నిలబడలేకపోయాం. వాన అడ్డంగా వచ్చి చెంపల మీద కొడుతోంది. కళ్ళు తెరిస్తే నీళ్ళు, మూస్తే లోయ భయం. నీ గొంగడి నీళ్ళు తాగి తాగి నా బరువంత అయింది. ఇద్దరం కూర్చుని చేతులతో పాకుతూ దాటాం. నేను ఒకచోట జారి, నిలువు ఎత్తు కిందికి పోయి తుప్పలో ఆగాను. ఆయన తలగుడ్డ విప్పలేదు, పెట్టె తడుస్తుందని. పంచె విప్పి కిందికి వదిలి నన్ను పైకి లాగాడు. లంగోటీతో ఆ గాలిలో నిలబడి, "దెబ్బ తాకిందా?" అని అడిగాడు. లేదన్నాను. ఆ పంచెనే పిండి మళ్ళీ కట్టుకున్నాడు. ఒక బండ కింద చేరి జొన్నరొట్టె, ఉల్లిగడ్డ తిన్నాం. ఆయన సగం రొట్టె నాకిచ్చాడు. ఆ రొట్టె నములుతూ కూడా నేను, నీ అంతు గూడెంలో చూస్తా, ఒక్క తేదీ కూడా దొరకదు, అనుకుంటున్నాను. నన్ను లాగిన మనిషి మీద అట్లా ఎట్లా అనుకున్నానో ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

మధ్యాహ్నం మూడింటికి జోడుగుట్ట చేరాం. పండుగ ముందురోజే అయింది. గోడలన్నీ ఎర్రమట్టితో నున్నగా అలికి ఉన్నాయి. ఒక ఇల్లు, రెండో ఇల్లు, మూడో ఇల్లు. ఎక్కడా ఒక్క గీత లేదు. నేను సిద్ధం చేసుకున్న మాట అప్పజెప్పాను. "చూసిండ్రా సార్, నేను రాసుడు, వీళ్ళు అలుకుడు. గిట్లయితే మా కష్టం ఎవలకు కనవడ్తది?" ఆయన నిజమే అన్నట్టు తల ఊపాడు. పదో ఇంటిదాకా నేను రాజును.

పదకొండోది గంగుబాయి ఇల్లు. ఆ ఇల్లు అలకలేదు.

పాతగోడ పాతగోడలాగే ఉంది. చూరు కింద నా ఎర్ర పెన్సిలు రాత ఒక్క అక్షరం చెరగకుండా ఉంది. ఎనిమిది తేదీలు, ఒకదాని కింద ఒకటి.

గంగుబాయి గడపలో కూర్చుని ఉంది. ఇల్లెందుకు అలకలేదు అని లక్ష్మీరాజం గారు అడిగారు. "చావైంది. దినాలు చేసేదాక గోడ ముట్టద్దు" అంది. ఎవరు పోయారు అంటే, మనుమరాలు నర్మద అంది. నాలుగేళ్ళ పిల్ల. మే నెలలో నేను గోడ మీద రాస్తుంటే పెన్సిలు కావాలని నా వేళ్ళు పట్టి గుంజింది. జ్వరమొచ్చి ఐదు రోజులు ఉండి పోయిందట.

ఆయన గోడ దగ్గరికి పోయి ముఖం ఆనించినంత దగ్గరగా చూశారు.  తర్వాత నన్ను పిలిచారు.

"చదువు."

"మీకు కనవడ్తలేదా సార్?"

"నాకు కనవడ్తుంది. ఆమెకు చదువు రాదు. ఆమెకు వినవడేటట్టు చదువు."

చదివాను. మే పన్నెండు. మే ఇరవై ఆరు. జూన్ తొమ్మిది. జూన్ ఇరవై మూడు. జూలై ఏడు.

అక్కడ గంగుబాయి చెయ్యెత్తి ఆపింది. "గదేనాడు?"

"పోయిన అంగడి గాదు, దాని ముందటంగడి నాడు, శనివారం" అన్నాను.

"నర్మద గా తెల్లారే పోయింది. రెండంగళ్ళకోసారి వస్తనన్నవని గా దినమంత పోరిని ఒళ్ళె పెట్టుకొని బాట దిక్కు చూసిన. గా దినం నువ్వు వచ్చినవని రాసున్నదా?"

"ఆఁ."

"వచ్చినవా?"

"రాలే."

ఆమె గోడను చూసింది, నన్ను చూసింది. "ఇంక కింద ఏమున్నది? చదువు."

జూలై ఇరవై ఒకటి. ఆగస్టు నాలుగు. ఆగస్టు పద్దెనిమిది.

"గవి ఇంక రాలేదు గద?"

"రాలే."

గంగుబాయి నవ్వింది అక్కా. తిట్టి ఉంటే తట్టుకునేవాడిని, జుట్టు పట్టుకుని కొట్టినా నిలబడేవాడిని. రాని దినాలకు కూడా వచ్చి పోయావా అన్నట్టు నవ్వింది. చుట్టూ చేరినవాళ్ళకు గోండీలో ఏదో చెప్పింది. వాళ్ళూ నన్ను చూశారు. జ్వరమొస్తే గాలి సోకిందంటారని నేను నీకు ఎగతాళిగా రాసినవాళ్ళే, వాళ్ళలో ఒక్కరూ నా మీదికి రాలేదు. నా మీదికి రావడం కూడా దండగే అనుకున్నారేమో.

నేను తడిగుడ్డతో ఆ రాత తుడవబోయాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది. "ముట్టద్దన్న గద. దసరా ఎల్లినంక సుట్టాలు కూడి దినాలు చేస్తరు. గప్పటిదాక ఉంటది" అంది.

లక్ష్మీరాజం గారు రిజిస్టరు తెరిచి, పెన్సిలు నా చేతిలో పెట్టారు. "రిపోర్టు నువ్వే రాయి. రాసుడు నీకు మంచిగ వస్తది." ఆ చూరు కింద నిలబడి, ఈ గూడెంలో కార్యకర్త మే పన్నెండు తర్వాత రాలేదు, ముందు తేదీలు వేశాడు, జూలై ఎనిమిదిన ఒక పిల్ల జ్వరంతో చనిపోయింది అని నా మీద నేనే రాసుకున్నాను. కింద సంతకం కూడా చేశాను. తర్వాత ఆయన ఇంటింటా తిరిగి తొమ్మిది మందికి నెత్తురు తీసి గోలీలు మింగించారు. నేను పలకలు పట్టుకున్నాను. మర్నాడు దిగాం. 

అబ్రహాం


కరీంనగర్, మిషన్ కాంపౌండు,
1962 జూలై 28.

తమ్ముడు అబ్రహాముకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నిన్ను ఉద్యోగంలోంచి తీసేశారని డాక్టరమ్మకు కూడా కబురు వచ్చింది. ఆమె నన్ను పిలిచి చెప్పి, కళ్ళద్దాలు తుడుచుకుని, ఇక వెళ్ళు ప్రేమమ్మా అంది. అంతే. ఆ వరండా మెట్లు దిగడానికి నాకు చాలాసేపు పట్టింది.

నువ్వు ఇక్కడికి వస్తే అన్నం పెడతాను. గొంగడి తడిసిందని, నౌకరి పోయిందని నా ముందు ఏడవకు. పోయిన పిల్ల ముందు నీ నౌకరి ఏపాటిది? పెన్సిలు అడిగిన పిల్లకు గోలీ ఇవ్వడానికి ఐదు కోసులు నడవలేకపోయావు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు వానను, గుట్టలను, గోండులను, ఆఖరికి ఆ సాలాయన కాళ్ళను కూడా తిట్టావు. నువ్వు తిట్టిన ఆ కాళ్ళే నిన్ను లోయలోంచి లాగాయి.

ఇంతటితో ఉత్తరం ముగించి కవరులో పెట్టాను. మళ్ళీ తీశాను. ఒక సంగతి ఉంది. ఎనిమిదేళ్ళయినా ఎవరికీ చెప్పలేదు.

నేను ఆ గుట్టలెక్కింది నాలుగు వానాకాలాలు కాదు, మూడు. యాభై నాలుగులో ఆ బోడి మెడ మీద గాలికి ఒకసారి పడ్డాను. దెబ్బ తగల్లేదు, భయం పట్టుకుంది. ఆ వానాకాలమంతా కెరమెరిలో ఒక ఇంటి అరుగు మీద కూర్చుని నెలనెలా మిషనుకు రిపోర్టు పంపాను. జోడుగుట్టలో నలభై మంది వాక్యం విన్నారని రాశాను. ఆ గూడెంలో ముసలీ ముతకా కలిపి నలభై మంది లేరు. ఆ రిపోర్టును మిషన్ దొరసాని సభలో చదివి వినిపించిందట. నలభై ఆత్మల కోసం అందరూ మోకరించారట. ఆ మాట విన్నాక మళ్ళీ అక్కడ ముఖం చూపించలేక, మోకాళ్ళ నొప్పులని చెప్పి కరీంనగర్ వచ్చేశాను. నా మోకాళ్ళకు ఏమీ లేదు. ఇప్పటికీ మానేరు దాకా నడిచి బట్టలుతికి వస్తాను.

నీ అబద్ధం దొరికిన రోజు నాకు కోపం రాలేదు తమ్ముడూ, సంతోషం కలిగింది. నాలాంటివాడు ఇంకొకడున్నాడని. అందుకే అంత ఎగతాళిగా రాశాను. ఆ సంతోషం తలుచుకుంటే నా మీద నాకే రోత పుడుతోంది. నా రిపోర్టును ఎవరూ నా చేత పైకి చదివించలేదు. నీకు ఒక మనిషి చదివించాడు.

అక్క


కెరమెరి,
1962 ఆగస్టు 6.

అక్కా,

నీ ఉత్తరం అందింది. దాని గురించి ఏమీ అనను. అనే ముఖం నాకు లేదు.

గది ఖాళీ చేయమన్నారు. చేశాను. ఎర్ర పెన్సిలు, సంచి, గోలీల డబ్బా ఆఫీసులో అప్పగించాను. శుక్రవారం కరీంనగర్ బస్సెక్కాలని మూట కట్టుకున్నాను. బస్సు అడ్డమీద కూర్చుంటే తెల్లవారితే నాలుగో తేదీ అని గుర్తొచ్చింది. గుట్ట మీద ఆ ఇంటి గోడకు నేను రాసిన ఆగస్టు నాలుగు. జూలై ఇరవై ఒకటిన ఎట్లాగూ పోలేదు, నౌకరి గోలలో గది దాటి బయటికి రాలేదు. ఈ ఒక్క తేదీ అయినా నిజం చేస్తే, ఒక్కటి తక్కువ అబద్ధం అవుతుందని అనిపించింది. మూట టీ కొట్టులో పెట్టి శనివారం పొద్దున్నే బయల్దేరాను.

ఈసారి మామూలు బాటనే పోయాను. వాన అదే వాన, గాలి అదే గాలి. బోడి మెడను ఒక్కడినే పాకి దాటాను. ఎవరూ చూడనప్పుడు పాకడం ఇంకా కష్టంగా ఉంది. దారి పొడుగునా మనసులో గర్వంగానే ఉంది అక్కా, దాచను. నౌకరి లేకపోయినా వస్తున్నాను, గంగుబాయి చూస్తుంది, ఏదో ఒక మంచి మాట అంటుంది అనుకుంటూ ఎక్కాను. జీతం లేకుండా ఎక్కేవాడు నేను తప్ప ఎవడున్నాడు అనుకున్నాను.

గూడెం చేరేసరికి రెండయింది. గంగుబాయి ఇంటి గుంజకు టైరు చెప్పులు వేలాడుతున్నాయి. లోపల పొయ్యి దగ్గర లక్ష్మీరాజం గారు కూర్చుని ఒక పిల్లవాడి వేలు పట్టుకుని నెత్తురు తీస్తున్నారు. నా చోటికి ఇంకా మనిషిని వేయలేదట. అందాక పద్నాలుగు గూడేలూ తానే తిరుగుతున్నారట. నన్ను చూశారు.  చూపు మళ్ళీ పలక మీదికి దించుకున్నారు.

గంగుబాయి గడపలోకి వచ్చింది. నెత్తి నుంచి కాళ్ళదాకా నీళ్ళు కారుతున్న నన్ను చూసింది.

"గోలీలు తెచ్చినవా?"

"లేవు. నన్ను నౌకరిల నుంచి తీసేసిండ్రు."

"మరెందుకొచ్చినవ్?"

"గోడ మీద ఇయ్యాలటి తేదీ రాసిన గద. గందుకే వచ్చిన" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు కొంచెం లేచింది కూడా.

ఆమె పక్కకు తిరిగి ఆ గోడను ఒకసారి చూసింది.

"గట్లనా. నువ్వు గోడకోసం వచ్చినవ్. మా కోసం గాయన వచ్చిండు" అంది.

అని, లోపలికి పోయి ఆయన చేతులు తుడుచుకోవడానికి గుడ్డ ఇచ్చింది. నేను చూరు కింద నిలబడ్డాను. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

నీ తమ్ముడు,
అబ్రహాం